దానిమ్మ ఎన్ని పుస్తకాల్లో ఉంది?

2022 ఆగస్టు. విజయవాడ మొగల్రాజపురంలో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. ఆరుగురం పనిచేసేవాళ్ళం. మేం తయారుచేసేది ఏమిటో చెప్తే మా చుట్టాలు ఇప్పటికీ రెండోసారి అడుగుతారు. తెలుగులో బైబిల్ చదువుకోవడానికీ, అందులో కావలసిన మాట ఎక్కడుందో వెతుక్కోవడానికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఒక ట్రస్టు వాళ్ళ కోసం మొదలుపెట్టాం. తర్వాత కృష్ణా జిల్లా పల్లెల్లో చర్చిలకూ, సండేస్కూలు టీచర్లకూ పెన్‌డ్రైవుల్లో చేరిపోయింది. నేనేమో పెడన చేనేత కుటుంబం నుంచి వచ్చినదాన్ని. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టి, సిటీ బస్సెక్కి వచ్చి, యిర్మీయా గ్రంథంలో బగ్గులు వెతికే ఉద్యోగం నాది. బగ్ అంటే ప్రోగ్రాంలో దొర్లిన తప్పు.

చేరిన కొత్తలో నాకు బైబిల్ గురించి తెలిసింది సున్నా. ఎవరైనా ఫోన్ చేసి, "గాడిద అని కొడితే ఏమీ రావడం లేదమ్మా" అంటే, నేనూ గాడిద అని కొట్టి చూసేదాన్ని. అలా గాడిదలు, అంజూరపు చెట్లు, బావులు, కొలుములు ఎక్కడెక్కడున్నాయో నోటికొచ్చేశాయి గానీ కథలు మాత్రం సగం సగమే తెలుసు. అయినా ఆ సగం జ్ఞానం మీదే నాకు బోలెడు గర్వం ఉండేది. ప్రోగ్రాం రాసిన ఇద్దరిలో నేనొకదాన్ని కాబట్టి, ఫోన్లో ఎవరు ఏ తప్పు చెప్పినా ముందు ఆ మనిషినే అనుమానించేదాన్ని.

ఆ రోజు భోజనాలయ్యాక ఫోన్ మోగింది.

"మీ కంప్యూటర్ బైబిల్లో దానిమ్మకాయలు కాస్తున్నాయా అమ్మా?" అన్నారు అవతలినుంచి ఒక పెద్దావిడ.

"అర్థం కాలేదండీ."

"నాకూ కాలేదు. అందుకే చేశాను. మేలో వెతికితే దానిమ్మ తొమ్మిది పుస్తకాల్లో ఉందంది. నిన్న వెతికితే పది అంటోంది. మధ్యలో బైబిలేం పెరగలేదు కదా?"

ఆవిడ పేరు రత్నకుమారి. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. పామర్రు దగ్గర ఒక ఊళ్ళో చెల్లెలితో కలిసి ఉంటున్నారు. నేను ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పాను. స్పెల్లింగ్ సరిగ్గా కొట్టారా, పాత నిబంధన ఒక్కటే టిక్ పెట్టారా, రెండు నిబంధనలూ పెట్టారా. ఆవిడ ఓపిగ్గా విని, "నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత లెక్క మళ్ళీ చేయించాను. నా లెక్క నేను మళ్ళీ చేసుకోకుండా ఫోన్ చేస్తానా?" అన్నారు. మేలో రాసుకున్న నోటుపుస్తకం పక్కనే పెట్టుకుని మాట్లాడుతున్నారట. అదే మాట, అదే టిక్కు, అదే కంప్యూటరు.

నేను నా కంప్యూటర్లో దానిమ్మ అని కొట్టాను. పదకొండు పుస్తకాలు వచ్చాయి. పక్క సీటు కంప్యూటర్లో కొట్టాను. పదకొండే.

"మాకు పదకొండు వస్తోందండీ" అన్నాను.

అవతల నోటుపుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు. 

"పదకొండా? ఖాయమేనా?" అన్నారు. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "అలాగైతే నేనొక మనిషికి అన్యాయం చేశానమ్మా."

విషయం ఏమిటంటే, మే నెలలో వాళ్ళ చుట్టుపక్కల చర్చిల ఆడవాళ్ళకి బైబిల్ క్విజ్ పెట్టారు. డెల్టా పల్లెల్లో ఈ క్విజ్‌ల పిచ్చి చూసినవాళ్ళకే తెలుస్తుంది. వంటింట్లో గోడకి వచనాలు అంటించుకుని, నాట్లకి వెళ్ళేటప్పుడు కూడా ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ మూడు నెలలు తయారవుతారు. ఎన్నిసార్లు, ఎన్ని పుస్తకాల్లో అనే ప్రశ్నలంటే మరీ మక్కువ. ప్రశ్నలు తయారుచేసిందీ, తీర్పు చెప్పిందీ రత్నకుమారి టీచర్ గారే. చివరికి ఇద్దరు మిగిలారు. ఆఖరి ప్రశ్న దానిమ్మ ఎన్ని పుస్తకాల్లో ఉందని. మార్తమ్మ అనే ఆవిడ లేచి పదకొండంది. టీచర్ గారు తన కాగితం చూసుకుని తప్పన్నారు. "లేదండీ, నేను చూశానండీ" అని మార్తమ్మ మళ్ళీ అంటే, "నువ్వు చూసింది కాదమ్మా, కంప్యూటర్ చూసింది" అని మైకులో అన్నారు. షామియానా కింద జనమంతా నవ్వారు.

"ఆ మార్తమ్మ ఎవరనుకున్నావు? జాకెట్లు కుడుతుంది. ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా సంతకం కూడా రాదు. వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుంటూ బైబిలంతా చదివింది. పోయిన క్రిస్మస్ నుంచి ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే వంతుల్లో ఆమె పేరు కూడా చేర్చాం. క్విజ్ అయ్యాక వచ్చి పేరు తీసెయ్యమంది. కారణం చెప్పదు. మూడు నెలలైంది, మైకు దగ్గరికే రావడం లేదు." టీచర్ గారు ఊపిరి తీసుకున్నారు. "మీ ప్రోగ్రాం కరెక్టా, ఆమె కరెక్టా నాకు తేల్చి చెప్పు. పది కూడా కాదు, తొమ్మిది కూడా కాదంటే నేనేమని చెప్పను?"

మా పనిలో ఒక నియమం ఉంది. తప్పును మా ఆఫీసులో మళ్ళీ జరిగేలా చేయగలిగితేనే దాన్ని దిద్దగలం. దాన్ని రీప్రొడ్యూస్ చెయ్యడం అంటారు. మర్నాడంతా కూర్చుని దానిమ్మని ఎన్ని రకాలుగా వెతకవచ్చో అన్ని రకాలుగా వెతికాను. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, టీ తాగొచ్చి వెతికాను. పాత వెర్షన్ పెట్టి, భోజనం చేసొచ్చి వెతికాను. పదకొండు, పదకొండు, పదకొండు. సాయంత్రానికి మా ఓనరు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"రీప్రొడ్యూస్ కాలేదని రాసి మూసెయ్యి పద్మా. పెద్దావిడ ఏదో నొక్కుంటుంది" అన్నారు.

వేరే రోజైతే మూసేసేదాన్ని. కానీ ముప్పై నాలుగేళ్ళు లెక్కలు దిద్దిన మనిషి నోటుపుస్తకంలో రాసుకుని మరీ చెప్పిన అంకె అది. పైగా తొమ్మిది, పది, పదకొండు అని ఒక్కో మెట్టు ఎక్కుతున్న ఆ వరస నన్ను నిద్రపోనివ్వలేదు. తప్పుగా చూపించే ప్రోగ్రాం ఎప్పుడూ ఒకేలా తప్పు చూపిస్తుంది. ఇది రోజురోజుకీ కాస్త కాస్త నిజానికి దగ్గరవుతోంది. అలాంటి బగ్ నేనెప్పుడూ చూడలేదు. శనివారం సెలవు కదా, వెళ్ళొస్తానన్నాను. ఓనరు గారు బస్సు చార్జీలు ఇస్తానన్నారు గానీ ముఖంలో ఇష్టం లేదు.

పదకొండు పుస్తకాల జాబితా ప్రింటు తీసుకుని బందరు బస్సెక్కాను. కంకిపాడు దాటాక రోడ్డు పక్కన కాలువ నిండుగా పారుతోంది. చేలల్లో నాట్లు సాగుతున్నాయి. పామర్రులో దిగి షేరాటోలో వెళితే, సందు మొదట్లోనే టీచర్ గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, తెల్లటి నేత చీర. అది పెడన నేత అని నేను గుర్తుపట్టి చెప్పగానే ఆవిడకి నా మీద సగం నమ్మకం వచ్చింది. మిగతా సగం ప్రోగ్రాం బాగయ్యాక ఇస్తానన్నారు.

ముందుగదిలో బల్ల మీద కంప్యూటర్ ఉంది. మానిటర్ మీద అల్లిక అంచున్న తెల్లగుడ్డ, కీబోర్డు మీద ఇంకో గుడ్డ. వాళ్ళ చెల్లెలు ఆ గుడ్డలు తీసి, మడతపెట్టి పక్కన పెట్టారు. టీచర్ గారు గోడ మీద స్విచ్ వేశారు. పాత డెస్క్‌టాప్, లేవడానికి అయిదు నిమిషాలు తీసుకుంది. దానిమ్మ అని కొట్టారు. పది పుస్తకాలు.

నేను కళ్ళారా చూస్తున్నాను కాబట్టి ఇక మనిషిని అనుమానించడానికి లేదు. నా ప్రింటు తీసి పక్కన పెట్టి ఒక్కో పేరు సరిచూశాను. నిర్గమకాండం ఉంది. సంఖ్యాకాండం ఉంది. రాజులు, దినవృత్తాంతాలు, పరమగీతం, యిర్మీయా ఉన్నాయి. యోవేలు కూడా ఉంది. లేనిది హగ్గయి ఒక్కటే. మేలో రాసుకున్న నోటుపుస్తకంలో చూస్తే యోవేలు కూడా లేదు.

"యోవేలు మధ్యలో ఎలా వచ్చి చేరిందండీ?" అన్నాను.

"నన్నడుగుతావేంటి? రాసింది నువ్వు" అన్నారు టీచర్ గారు. "ఉండు, కాఫీ తెస్తాను." అని లేచి, లేస్తూనే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, గుడ్డ కప్పేశారు.

నేను కుర్చీలో కూర్చుని అలా చూస్తుండిపోయాను. "ఎందుకండీ ఆపేశారు? నేనిక్కడే ఉన్నాను కదా!"

"వాడనప్పుడు ఆపెయ్యాలి. ఇక్కడ కరెంటు సంగతి నీకు తెలీదు. మబ్బేస్తే చాలు ఫట్టుమంటుంది. పోయినేడు పిడుగుపాటుకి పక్కింటి వాళ్ళ టీవీ కాలిపోయింది. కాఫీ తాగాక మళ్ళీ వేసుకుందాం."

మా అమ్మ కూడా అంతే. పెడనలో మా ఇంట్లో టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ, గది దాటితే ఫ్యాన్ ఆపాలి. ఆ సంగతి ఆ క్షణంలో నాకు నవ్వుగా మాత్రమే అనిపించింది. కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నాం.

మళ్ళీ వేశాక నేనే కీబోర్డు దగ్గర కూర్చున్నాను. పెన్‌డ్రైవులో ఎక్కించినప్పుడు హగ్గయి పుస్తకం చెడిపోయిందేమో, అసలు అందులో ఆ వచనం ఉందో లేదో చూద్దామని హగ్గయి తెరిచాను. రెండే అధ్యాయాలు. రెండో అధ్యాయంలో దానిమ్మచెట్టు నిక్షేపంలా ఉంది. సరే, ఉండి కూడా దొరకడం లేదంటే తప్పు వెతకడంలోనే ఉందని, మళ్ళీ దానిమ్మ అని కొట్టాను.

పదకొండు పుస్తకాలు.

"అయ్యో!" అన్నాను. పట్టుకుందామని వచ్చిన బగ్ నా చేతిలోనే మాయమైపోయింది. నేను దిద్దలేదు. ఏమీ మార్చలేదు. హగ్గయి తెరిచి చూశాను, అంతే.

టీచర్ గారు కళ్ళజోడు సర్దుకుని తెర మీదకి వంగారు. "ఇప్పుడేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. హగ్గయి తెరిచాను." ఆ మాట నా నోటితో నేనే అనేసరికి ఒక అనుమానం తగిలింది. "టీచర్ గారూ, మీరు మే నుంచి ఇప్పటికి మధ్యలో యోవేలు ఎప్పుడైనా తెరిచారా? ఈ కంప్యూటర్లో?"

ఆవిడ ఆలోచించారు. "తెరిచాను. జూన్లో పాస్టరు గారు యోవేలు మీద ప్రసంగం చేశారు. సండేస్కూలుకి నోట్సు రాయడానికి తెరిచాను."

"హగ్గయి?"

"కంప్యూటర్లో తెరవలేదు." ఎవరో అడిగినట్టుగా మళ్ళీ తనే అన్నారు. "పుస్తకంలో కూడా ఎప్పుడు చదివానో గుర్తు లేదమ్మా."

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. వెతకడం వేగంగా జరగాలంటే ప్రోగ్రాం ముందే ఒక ఇండెక్స్ తయారుచేసుకోవాలి. పాఠ్యపుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక ఇస్తారే, అలాంటిది. ఆరేళ్ళ కిందట మొదటి వెర్షన్‌లో అరవై ఆరు పుస్తకాలకూ ఒకేసారి ఇండెక్స్ తయారయ్యేది. చర్చిల్లో ఉండే పాత కంప్యూటర్ల మీద దానికి ముప్పావుగంట పట్టేది. ఆ ముప్పావుగంటా తెర బిగుసుకుపోయేది. పాస్టర్లు పాడైందనుకుని మాకు ఫోన్లు చేసేవాళ్ళు. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. ఏ పుస్తకం తెరిస్తే ఆ పుస్తకానికి అప్పటికప్పుడు ఇండెక్స్ తయారవుతుంది. మిగిలినవాటికి, కంప్యూటర్ని పావుగంట ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడు, దానంతటదే చేసుకుంటుంది. అవసరం పడ్డప్పుడే పనిచేసే ఈ పద్ధతిని మేం లేజీ లోడింగ్ అంటాం. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఫోన్లు ఆగిపోయాయి.

ఆ పావుగంట ఖాళీ ఎవరింట్లోనైనా ఎలాగూ దొరుకుతుందనుకున్నాను. మా ఆఫీసులో పొద్దున వేసిన కంప్యూటర్ సాయంత్రం దాకా ఆగదు. టీకి వెళ్ళి వచ్చేసరికి అరవై ఆరు పుస్తకాలూ తయారైపోయేవి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి టీ తాగొచ్చి వెతికానని చెప్పాను కదా, బగ్ కనపడకుండా చేసింది ఆ టీయే. టీచర్ గారి ఇంట్లో కంప్యూటర్ ఖాళీగా ఒక్క పావుగంట ఉండడం అనేది జరగలేదు. కుర్చీలోంచి లేస్తే స్విచ్ ఆగిపోవాల్సిందే, గుడ్డ పడాల్సిందే. అందుకని ఆవిడ తెరిచిన పుస్తకాలే ప్రోగ్రాంకి తెలుసు. తెలిసినంతలో వెతికి, అదే మొత్తం లెక్క అన్నట్టు చెప్పింది. ఇంకా కొన్ని పుస్తకాలు చూడలేదని అది ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకంటే ఆ ముక్క చెప్పమని నేను రాయలేదు.

ఇదంతా ఆవిడకి వివరించాను. టీచర్ గారు మధ్యలో ఆపకుండా విన్నారు. ఒక కాగితం తీసి, ఒకవైపు తెరిచిన పుస్తకాలు, ఒకవైపు తెరవనివి రాసుకుని, తొమ్మిది ఎలా వచ్చిందో తనకు తాను లెక్క వేసుకున్నారు. సరిపోయింది.

"అంటే నేను ప్రశ్నలు తయారుచెయ్యడానికి ఏవేవి తిరగేశానో వాటిలోనే వెతికి నాకే చూపించింది" అన్నారు.

"అవునండీ. తప్పు నాదే."

"సగం నీది. మైకులో అన్నది నేను." ఆవిడ లేచారు. అలవాటుగా స్విచ్ మీదకు చెయ్యి వెళ్ళింది. నా వైపు చూసి, ఆపకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "పద, మార్తమ్మ దగ్గరికి వెళదాం."

రెండు సందుల అవతల రేకుల ఇల్లు. వరండాలో కుట్టుమిషను, దాని ముందు నలభై దాటిన ఆవిడ, నోట్లో రెండు గుండుసూదులు. మమ్మల్ని చూసి సూదులు తీసి చీర కొంగుకి గుచ్చుకుంది. దొడ్లో మనిషెత్తు దానిమ్మచెట్టు ఉంది, నాలుగు పిందెలతో.

టీచర్ గారు కూర్చోకుండానే చెప్పారు. "మార్తమ్మా, పదకొండే. నువ్వు చెప్పిందే రైటు. నేను తప్పు చెప్పాను."

 మార్తమ్మ గారు లోపలికి వెళ్ళి బైబిల్ తీసుకొచ్చారు. అట్ట ఊడిపోతే జీన్సుగుడ్డతో కుట్టుకున్నారు. పేజీల మధ్యనుంచి రంగురంగుల దారాలు వేలాడుతున్నాయి, ఎరుపు, పచ్చ, నీలం, పసుపు. కుట్టుమిషను కింద పడే ముక్కలే. ఒక్కో రంగు ఒక్కోదానికట. చెట్టుదో జంతువుదో పేరు ఒక్కో పుస్తకంలో మొదటిసారి ఎక్కడ కనపడితే ఆ పేజీలో ఆ రంగు దారం. ఎరుపు దానిమ్మది.

"దానిమ్మే ఎందుకండీ?" అన్నాను.

"అక్షరాలు నేర్చుకునేటప్పుడు ఏదీ అర్థమయ్యేది కాదండీ. ఒకరోజు కూడబలుక్కుంటూ చదువుతుంటే దానిమ్మ అని వచ్చింది. నా అంతట నేనే చదివానండి, ఎవరూ చెప్పలేదు. తల తిప్పితే దొడ్లో చెట్టుంది. మా చెట్టు పేరు ఈ పుస్తకంలో ఉందని ఎంత సంబరపడ్డానో! అప్పట్నుంచి ఏ పుస్తకంలో కనపడినా దారం పెట్టుకుంటున్నానండి."

ఎర్ర దారాలు నేను లెక్కపెట్టాను. పదకొండు. ఆఖరిది హగ్గయిలో. నేత ఇంట్లో పుట్టి, దారాల మధ్య పెరిగిన నేను, ఆరేళ్ళు కష్టపడి రాసిన ఇండెక్స్ కన్నా ఒక దర్జీ ఆవిడ నేల మీద ఏరుకున్న దారం ముక్కలతో చేసిన ఇండెక్స్ ఖచ్చితంగా ఉంది. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

"మరి వాక్యం చదవడం ఎందుకు మానేశావమ్మా?" టీచర్ గారు అడిగారు. "జనం నవ్వారనా?"

"నవ్వితే నవ్వారండి, దానికి కాదు." మార్తమ్మ గారు దారాలు సర్దుతూ తల ఎత్తలేదు. "ఆరోజు ఇంటికొచ్చి మళ్ళీ చూశానండి. పదకొండే వచ్చింది. మర్నాడు చూశాను. పదకొండే. కంప్యూటర్ తొమ్మిదంటోంది, టీచర్ గారు తొమ్మిదన్నారు. అంటే ఎక్కడో రెండు చోట్ల లేనిది ఉన్నట్టు చదువుతున్నాననుకున్నానండి. నాకు చదవటం వచ్చిందనుకున్నాను గానీ రాలేదేమో. రానిదాన్ని అందరి ముందు దేవుడి వాక్యం ఎలా చదువుతానండీ? తప్పు చదివితే?"

టీచర్ గారు అక్కడే వరండా గచ్చు మీద కూర్చుండిపోయారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను జీవితమంతా చదువు చెప్పాను. నీ చదువు నీకే అనుమానం వచ్చేలా చేశాను చూడు" అన్నారు.  నా తెలివైన పని, ముప్పావుగంట మిగిల్చిన పని, ఇంత దూరం వచ్చి ఒక మనిషి ఇరవై గడపల మధ్య సంపాదించుకున్న ధైర్యాన్ని లాగేసుకుంది. ఫోన్లు ఆగిపోయాయని మురిసిపోయాను నేను.

కాసేపటికి మార్తమ్మ గారే నన్ను అడిగారు. "మీ కంప్యూటరు చదవకుండానే చెప్పేసిందాండీ?"

"చదివినంతలో చెప్పిందండీ. చదవనివి ఉన్నాయని చెప్పలేదు."

"నేనైతే చెప్తానండీ" అన్నారు ఆవిడ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా. "బైబిల్ రెండోసారి చదువుతున్నాను, యెహెజ్కేలు ఇంకా సగమే అయింది నాకు. ఎవరైనా అడిగితే సగమే అయిందని చెప్తా."

సోమవారం ఆఫీసుకు వెళ్ళి పాత ఫిర్యాదుల ఫైలు తీశాను. లెక్క మారుతోందని ఫోన్ చేసినవాళ్ళు అంతకు ముందు కూడా ఉన్నారు. కైకలూరు నుంచి ఒక పాస్టరు గారు, అవనిగడ్డ నుంచి ఒకావిడ. వాటి కింద నా చేతిరాతతోనే ఉంది, రీప్రొడ్యూస్ కాలేదు, వాడకంలో పొరపాటు అని. అందరికీ తిరిగి ఫోన్ చేశాను. మా ఓనరు గారు మొదట, చడీచప్పుడు లేకుండా దిద్దేసి కొత్త వెర్షన్ పంపేద్దామన్నారు. ఆ లెక్కలు నమ్మి ఎవరు ఎవరిని తప్పన్నారో మనకు తెలీదు కదండీ అన్నాను. మార్తమ్మ గారి సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు కుర్చీలో అటూ ఇటూ తిరిగి, ఏం తప్పు జరిగిందో పూర్తిగా రాసి కొత్త వెర్షన్‌తో పాటు అందరికీ పంపమన్నారు. ఆ కాగితం నేనే రాశాను.

తర్వాతి ఆదివారం నేనూ వెళ్ళాను. టీచర్ గారు రమ్మనలేదు. మైకులో అన్నమాట ఆవిడ మైకులోనే దిద్దుకుంటారని తెలిసి, నా చెవులతో వినాలనిపించింది. చిన్న చర్చి, ఆడవాళ్ళ వైపు చాప మీద వెనకాల కూర్చున్నాను. వాక్యం చదివే సమయానికి టీచర్ గారు లేచి మైకు అందుకున్నారు.

"మేలో ఇదే మైకులో నేనొక మాటన్నాను. మార్తమ్మ చూసింది కాదు, కంప్యూటర్ చూసింది అని. కంప్యూటర్ అన్నీ చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం చూడకుండానే చెప్పాం. మొత్తం చూసింది మార్తమ్మ ఒక్కతే. ఆ రోజు నవ్విన వాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి. వాక్యం మార్తమ్మ చదువుతుంది, వస్తే."

వస్తే అంటూ ఆవిడ మైకు స్టాండుకి పెట్టేసి పక్కకి జరిగారు. మార్తమ్మ గారు నాకు రెండు వరసల ముందున్నారు. లేవరేమోనని భయమేసింది. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచింది. లేచారు. జీన్సుగుడ్డ అట్ట వేసిన బైబిల్ పట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళి, హగ్గయి రెండో అధ్యాయం తెరిచారు. వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గరా ఆగి, తొందరపడకుండా చదివారు. ఎర్ర దారం ఉన్న చోటికి వచ్చేసరికి ఆగి, తలెత్తి జనం వైపు చూసి, "ఇదిగోండీ, ఇక్కడుంది" అన్నారు. చర్చంతా నవ్వింది. ఈసారి ఆవిడ కూడా నవ్వారు.

ఇప్పుడు మా ప్రోగ్రాంలో ఏ మాట వెతికినా, ఫలితాల కింద ఒక వరస వస్తుంది. ఎన్ని పుస్తకాల్లో వెతికిందో, ఇంకా ఏవి చూడలేదో పేర్లతో సహా చెప్తుంది. రాయడానికి నాకు ఒక్క పూట పట్టింది. కొత్త వెర్షన్ బయటికి పంపే ముందు ఒక రోజంతా నేను టీచర్ గారిలా పనిచేస్తాను. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, మానిటర్ మీద గుడ్డ కప్పి వెళతాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు వింతగా చూస్తారు. ఆ గుడ్డ టీచర్ గారే ఇచ్చారు, నమ్మకంలో మిగిలిన సగం ఇదేనంటూ. ఎవరైనా ఫోన్ చేసి తప్పొచ్చిందంటే మనిషిని అనుమానించడం మానేశాను. నాకు తెలియనిది ఉంటే, ఇంకా చూడలేదండీ, చూసి చెప్తాను అంటున్నాను. ఎవరైనా అడిగితే చెప్తానని మార్తమ్మ గారు అన్న ఆ మాట నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.